ముడుల్లో విత్తనం

మగ్గం మూలన పడ్డాక హేమలత సంసారం ఈ కొత్త పని మీదే నడుస్తోంది. తెల్ల పట్టుబట్టలో వేరుశనగ కాయలు పెట్టి, ఒక్కోదాన్నీ దారంతో బిగించి కట్టి, రంగునీళ్లలో ఉడికిస్తుంది. బట్ట ఎండాక ముడులు విప్పితే కాయలు రాలిపోతాయి, పట్టు మాత్రం వాటి రూపంలోనే ఉబ్బి నిలబడుతుంది. తడి మీద విప్పితే అది వట్టి ముడతల గుడ్డ.

ధర్మవరం దుకాణదారు ఒకాయన గోడంత తెర అడిగాడు. అన్ని కాయలు కావాలంటే ఇంట్లో విత్తనానికి దాచిన మూట ఒక్కటే ఉంది. దాన్ని మొగుడు గిరే తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"పుష్యమి కార్తె కూడా పోతాండాది, విత్తే అదును దాటిపోతాండాది. ఇంక వాన యాడొస్తాది? కట్టుకో."

వద్దని చెప్పి చూసింది. చివరికి కట్టింది. ఎర్రరంగులో ఉడికించి తెరను దండెం మీద ఆరేసిందో లేదో, పడమట ఉరిమింది. ఇన్నాళ్లూ మొహం చాటేసిన పాపిష్టి వాన చేలు నిండేలా కురిసింది. తెరను వసారాలోకి లాగడమే ఆమె చేతనైంది.

చేను దాకా పోయిన గిరి కాళ్లనిండా బురదతో తిరిగొచ్చాడు. తెరను ఒళ్లోకి లాక్కొని ముడులు విప్పసాగాడు.

"ఇంకా తడి ఆరలేదు. ఇప్పుడు విప్పితే పనంతా పాడైపోతాది," అంది హేమలత.

గిరి ఎర్రగా ఉడికిన కాయను చిదిమి చూసి, పక్కన పెట్టి, ఇంకో ముడి అందుకున్నాడు.

"ఒక్కటన్నా పచ్చిది ఉండాదేమో చూస్తాండా."

ఆమె ఎదురుగా కూర్చొని, తెర రెండో కొస నుంచి తనూ విప్పడం మొదలుపెట్టింది.