జైతున్ బీ మెడ మీద పాచి

నేరేడ్‌మెట్‌లో ఆ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు డాబా మీద పాచి, ఎండలు ముదిరితే చాలు, పదకొండున్నరకల్లా నీడకు బయలుదేరుతుంది. పిట్టగోడ మొదట్లోంచి లేచి, జానెడు వెడల్పున, ఏమాత్రం తొందర లేకుండా నడిచి నీళ్ల ట్యాంకు కిందికి చేరుతుంది. నాలుగు దాటాక మళ్లీ తన చోటికి వస్తుంది. మూడో అంతస్తు శ్యామలమ్మ వడియాలు పెట్టేటప్పుడు దానికి దారి వదిలి చీర పరుస్తుంది. ఎప్పుడైనా మరిచిపోయినా పాచి వడియాలను చుట్టి పోతుందే తప్ప ఒక్కదాన్నీ తొక్కదు. "దానికున్న బుద్ధి మా ఆయనకు లేదు," అంటుంది శ్యామలమ్మ.

ఆ ట్యాంకు కడిగేది జైతున్ బీ. ఇరవై రెండేళ్లుగా ఆ చుట్టుపక్కల ట్యాంకులన్నీ ఆమె చేతి మీదే శుభ్రమవుతున్నాయి. లోపలికి దిగి, బ్లీచింగ్ పొడి చల్లి, కొబ్బరిపీచుతో తోమిందంటే గోడలు నిన్న కట్టినట్టు తేలేవి. డాబా మీది పాచినీ గీకేది, ట్యాంకు పక్కన మాత్రం బొటనవేలంత వదిలేసేది. "అంతా గీకితే నాకు పనేడుంటది?" అని నవ్వేది.

అసలు సంగతి అది కాదు. పాచంతా నీడకు పోయినా, ఒక పలచటి పొర కదలకుండా ఎండలోనే ఉండిపోవడం ఆమె చూసింది. ఆ పొర ఎండనంతా తన మీదికి తీసుకుని బెల్లం రంగుకు తిరుగుతుంది. గోటితో ఎత్తి చూస్తే కింద లేత పచ్చ. అంత మొండిదాన్ని మొత్తానికి చంపడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఫిబ్రవరిలో ఆమె గొంతులో గడ్డ ఉందన్నారు. ఏప్రిల్ నుంచి ముప్ఫై మూడు రోజులు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మన దగ్గర అలాగే అంటారు. తల కదలకుండా ముఖానికి జల్లెడలాంటి మూత బిగించి, మెషీన్ కింద పడుకోబెట్టేవారు. మెషీన్ నడిపే దయాకర్ మొదటిరోజే చెప్పాడు: "అమ్మా, మెడ మీద సబ్బు పెట్టొద్దు. దురద పెట్టినా రుద్దొద్దు."

పదిహేడో రోజుకు మెడ నల్లబడి దురద షురూ అయింది. నలుపు కనిపిస్తే జైతున్ బీ చేయి ఊరుకోదు. బాత్‌రూమ్‌లోకి పోయి, ట్యాంకు తోమినట్టే పీచు పెట్టి మెడ తోముకుంది. నలుపంతా పోయింది, చర్మంతో సహా. బయటికొచ్చిన తల్లిని చూసి కూతురు జబీన్ నెత్తి కొట్టుకుంది.

"అమ్మీ, అది మెడ అనుకున్నవా, ట్యాంకు అనుకున్నవా?"

"నల్లగ ఉండె. గీకిన," అంది జైతున్ బీ, తప్పు చేసిన చిన్నపిల్లలా.

పొద్దున్నే ఆసుపత్రికి పోతే డాక్టర్ కల్పలత పుండు చూసింది. "రెండు వారాలు ఆపుదాం, జైతున్ బీ. దీని మీద ఇంకా పెడితే మెడంతా ఊడొస్తుంది."

"ఆపితే ఏమైతది?"

"గడ్డ మళ్లీ పుంజుకోవచ్చు. అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

"అట్లయితే ఆపేది లేదు డాక్టరమ్మా. గడ్డకు రెండు వారాలు సెలవిస్తానా నేను?"

"రేపు రండి. కొంచెమైనా ఆరితే పెడతాం. లేకపోతే నేను పెట్టనివ్వను."

జైతున్ బీ ఇంటికి పోలేదు. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఆమె పోయేది ఆ డాబా మీదికే. ట్యాంకు నీడలో కూలబడింది. అప్పటికి పదకొండున్నర అయింది. పాచి ఎప్పటిలాగే బయలుదేరి వస్తోంది.

"ఇరవై రెండేండ్లు గీకిన నిన్ను," అంది దానితో. "గీకిన ప్రతిసారి మళ్ల వస్తివి. నాకొక్కసారి చెప్పరాదే, ఎట్లొస్తవో?"

పాచి ఆగింది. తర్వాత ఆమె కాలివేళ్ల మీదికి ఎక్కింది. చీర మీదుగా, మోచేతి మీదుగా, భుజం దాటి మెడ చుట్టూ చల్లగా పరుచుకుంది. ఆమె కళ్లు మూసుకుని పెద్దగా ఏడ్చేసింది.

వడియాలు తిరగేస్తున్న శ్యామలమ్మ తలెత్తి చూసింది. "కదలకు జైతున్, సర్దుకోనీ. మజ్జిగ తెస్తా."

నాలుగింటికి పాచంతా గోడ దగ్గరికి తిరిగిపోయింది. మెడ మీద ఒక పలచటి పొర మాత్రం ఉండిపోయింది.

మర్నాడు డాక్టర్ వేలితో తాకి చూసింది. "ఇదేంటి, మందా?"

"మా డాబా మీది పాచి."

డాక్టర్ కేసు కాగితం మీద 'పాచి ఉంది. తీయవద్దు' అని రాసి సంతకం పెట్టింది.

ఆ తర్వాత కరెంటు లోపలికి పోయింది, మంట పైనే ఆగిపోయింది. రోజుకొక పొర బెల్లం రంగుకు తిరిగేది, దాని కింద మరో పచ్చపొర పుట్టేది. జైతున్ బీ పడుకునే ముందు మెషీన్‌ను అరచేత్తో ఒక్కటి చరిచేది. "పెట్టు, ఎంత పెడతవో పెట్టు!" దయాకర్ మూత బిగిస్తూ, "జెర మెల్లగమ్మా, అది గవర్నమెంటుది," అనేవాడు.

ముప్ఫై మూడో రోజు ఆ పొరలన్నీ కలిసి అప్పడం ముక్కలా ఊడి దయాకర్ చేతిలో పడ్డాయి. కింద చర్మం నున్నగా ఉంది.

"సచ్చిపోయిందమ్మా ఇది," అంటూ అతను ఆసుపత్రి చెత్త వేసే పసుపు డబ్బా మూత తెరిచాడు.

ఆమె చటుక్కున లాక్కుంది. చేతిరుమాలులో చుట్టి, ఇంట్లో బట్టల పెట్టెలో పెట్టింది. "మూడు నెలలకు స్కాన్ అట. నా సంగతి తేలినంక నీ సంగతి చూస్తా. అందాక పండుకో."

స్కాన్ ఆగస్టులో తీశారు. డాక్టర్ కల్పలత ఫిల్మును వెలుతురుకెత్తి రెండుసార్లు చూసి, "గడ్డ లేదు," అంది. తర్వాత తన కళ్లు తుడుచుకుంది.

జైతున్ బీ జబీన్‌ను వెంటబెట్టుకుని నేరుగా డాబా ఎక్కింది. వానలు ముఖం చాటేసి ఎండ పెళపెళ కాస్తోంది. రుమాలు విప్పి, ఎండిన ముక్కను ట్యాంకు పక్కన పెట్టి, మగ్గుతో నీళ్లు పోసింది.

"మూడు నెలలు ఎండింది అమ్మీ. ఇంకేముంటది దాంట్ల?"

"చూడు."

జబీన్ చూస్తుండగానే అంచులు పచ్చబడ్డాయి. తర్వాత నడుమ పచ్చబడింది. ముక్క మెత్తబడి, ఒళ్లు విరుచుకుని, నేల మీద పరుచుకుంది.

పదకొండున్నర అయింది. గోడ దగ్గరి పాచంతా లేచి నీడకు వస్తోంది. ఇది మాత్రం దానికి ఎదురు నడిచి, నీడ దాటి, ఎండలోకి పోయింది.

"నా లెక్కనే మొండిది," అంది జైతున్ బీ. మెడకు చుట్టిన కొంగు తీసేసి, దాని వెనకే ఎండలోకి నడిచింది.