నూకాలమ్మ ఒకటి రెండు మూడు

చోడవరం మెయిన్‌రోడ్డు మీద తన మగ్గం వర్క్ దుకాణంలో కనకవల్లి ఒక పెళ్లికూతురి జాకెట్టు చేతులకి పూసలు కుడుతోంది. దుకాణం ఆన్‌లైన్ పేజీలో కొత్త డిజైన్ల ఫొటోలు పెడదామని ఫోన్ తీసిన పనమ్మాయి రేవతి లోపలి గదిలోంచి కేకేసింది.

"అక్కా, పాస్‌వర్డ్ ఏటి?"

కనకవల్లి సూది ఆపలేదు. "నూకాలమ్మే, ఒకటి రెండు మూడు. ఎన్నిసార్లు సెప్పాలే నీకు?"

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు విన్నారు. ఎదుటి పంపుసెట్ల దుకాణంలో పరదేశి విన్నాడు. షేర్ ఆటో ఎక్కుతున్నవాళ్లు విన్నారు. ఎవరికీ తప్పనిపించలేదు. అసలు జబ్బు అదే, అయ్యల్లారా, అమ్మల్లారా. షట్టరుకి రెండు తాళాలు వేసి, లాగి చూసుకుని మరీ ఇంటికెళ్లే మనిషి, ఊళ్లో ఆడపిల్లలు పంపిన ఫొటోలు, కొలతలు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీ తాళంచెవిని రోడ్డు మీదకి విసిరేస్తోంది. ఎవరైనా అడిగితే ఆమెకి జవాబు ఒక్కటే: "అమ్మోరి పేరెట్టేను. ఎవుడు ముట్టుకుంటాడు?"

ముట్టుకున్నాడు.

ఒక పొద్దున్న పేజీ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పంది. కనకవల్లి మళ్లీ కొట్టింది. దణ్ణం పెట్టుకుని కొట్టింది. లాభం లేదు. శ్రావణమాసం పెళ్లిళ్లు ముందున్నాయి. ఊళ్లో ఆమె పేరు నిలబడిందే ఆ పేజీతో. ఆ పేరు పెట్టుకుని ఎవడో ఎవరింటి ఆడపిల్లకి ఏం రాస్తాడో! రేపు తన గుమ్మం ఎవరు ఎక్కుతారు?

ఆమె అక్క కూతురు వాగ్దేవి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. కబురందగానే స్కూటీ మీద వచ్చేసింది. తీరా వచ్చేసరికి దుకాణంలో ఏడుపు లేదు, నవ్వులున్నాయి.

సంగతేమిటంటే, దొంగ ఆ పేజీలోంచి అందరికీ ఒక సందేశం పంపాడు: "గౌరవనీయులైన కస్టమర్లకు నమస్కారం. దయచేసి మీ అడ్వాన్సు ఈ కొత్త నంబరుకు పంపగలరు." కనకవల్లి తన బతుకులో ఎవరికీ ఒక్క ముక్క టైపు చేసి ఎరగదు. మాట రికార్డు చేసి పంపుతుంది. అదీ ఎలా, ఇంట్లో పిల్లని కసిరినట్టు, "ఏటే గుంటా, జాకెట్టు ఒట్టుకెళ్తావా, నన్నే తొడుక్కోమంటావా" అని. అలాంటి మనిషి 'గౌరవనీయులైన' అనేసరికి అందరికీ అనుమానమొచ్చి దుకాణానికి ఫోన్లు చేశారు. మాడుగుల పెళ్లికూతురు మహతి అయితే దొంగకే జవాబిచ్చిందట: "నువ్వెవుడివి బాబూ? మా కనకవల్లక్క ఇంత మర్యాదస్తురాలు కాదు."

"సూసేవా, అందరూ నా నోటిని ఆడిపోసుకునేవోరే. ఆ నోరే కాపాడింది" అని కనకవల్లి మురిసిపోయింది.

"ఈసారికి కాపాడింది పిన్నీ. రేపొచ్చీవోడు 'ఏటే గుంటా' అనడం నేర్సుకుని వస్తే?"

కనకవల్లి గబగబా తన ఫోన్ తీసింది.

పేజీకి జతచేసిన ఫోన్ నంబరు ఇంకా కనకవల్లిదే ఉంది. దాన్ని దొంగ మార్చేలోపే వాగ్దేవి పని మొదలుపెట్టింది. పాస్‌వర్డ్ మార్చడానికి ఫోనుకి ఓటీపీ అంకెలు రాగానే కనకవల్లి గట్టిగా చదవబోయింది. వాగ్దేవి చటుక్కున ఆమె నోరు మూసింది.

"పైకి సదవకు. నువ్వే కొట్టు."

పేజీ తెరుచుకుంది. కనకవల్లి ఊపిరి పీల్చుకుంది.

"ఇదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెట్టేవు?"

"మెయిలుకి. బ్యాంకుకీ అదే అనుకో" అంది కనకవల్లి, నేల చూస్తూ.

వాగ్దేవి ఆ రెండూ కూడా మార్పించి, గుమ్మంలోకొచ్చి వీధికి వినబడేలా అడిగింది: "నూకాలమ్మ ఒకటి రెండు మూడు ఇంకెవరిది?"

పరదేశి తల గోక్కున్నాడు. "నాది కాదమ్మా. నాది నూకాలమ్మ నాలుగు అయిదు ఆరు."

"అన్నయ్యా, అదీ సెప్పేసేవు" అంది కనకవల్లి. వీధి వీధంతా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఫోన్లు పట్టుకుని వాగ్దేవి చుట్టూ చేరారు. అందరిదీ ఆ తల్లి పేరే, అంకెలే తేడా.

అందరికంటే ముందు మార్చుకున్న కనకవల్లి అరుగెక్కి అంది: "తల్లికి దణ్ణమెట్టండి, కొబ్బరికాయ కొట్టండి. పాస్‌వర్డుకి మటుకు ఎవుడికీ తట్టని మాటెట్టండి. ఒక్కోదానికి ఒక్కోటి. ఎవరికీ సెప్పకండి, నేనడిగినా సరే."

మనల్ని నమ్మి ఒక ఆడపిల్ల తన కొలతలిచ్చి వెళ్లిందంటే, వాటికి కాపలా కాయడం అమ్మవారి పని కాదు, దుకాణదారు పని.