పెదవులు కదిలిన చోట

"రేకు ఇంకాస్త పల్చగా వత్తవే. ఇవాళ నిన్ను చూడ్డానికే వస్తున్నారు జనం" అన్నాడు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి.

పొద్దున్నుంచి పిండి వత్తుతూనే ఉన్నాను. పొయ్యి మీద పెద్ద డేగిశాలో గొర్రె మాంసం ఉడుకుతోంది. ఇరవైమంది వస్తారన్నాడు. వాళ్ళు నన్ను చూడ్డానికి వస్తుంటే వాళ్ళకి వండిపెట్టేది కూడా నేనే ఎందుకైందో ఆయనకి తట్టలేదు. నాకూ తట్టి ఉండేది కాదేమో, ఆ రోజు చేతులు అంత నొప్పి పెట్టకపోతే.

నా పేరు ఉల్‌బోసిన్. కొడుకు పుట్టాలి అని దానర్థం. నేను నాలుగో ఆడపిల్లనయ్యేసరికి మా నాన్న ఆ పేరు పెట్టి పైవాడికి కబురు పంపాడు. పిలిచిన ప్రతిసారీ నా భుజం మీదుగా ఇంకెవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. పెళ్ళయ్యాక ఆ పేరు కూడా పోయింది. మా అత్తగారికి నేను 'కెలిన్'ని, అంటే కోడలిని. మా ఆయనకి 'ఏమే'ని.

నర్సు ఉద్యోగం చేసే మా అమ్మాయి బోతా కిజిలోర్దా పట్నం నుంచి తెచ్చింది ఆ డిస్కు. స్నేహితురాలి ఇంట్లో ఎవరో సినిమా పెడితే చూస్తోందట. అందులో మాటల్లేవు, కథ లేదు. కొండలు, మబ్బులు, తగలబడే అడవులు, రైళ్ళలోంచి కుమ్మరించినట్టు దిగే మనుషులు, అన్నిటి వెనకా గంభీరంగా సంగీతం. మధ్యలో ఇసుకలో కూరుకుపోయిన మా పడవలు వచ్చాయి. తర్వాత చేపల ఫ్యాక్టరీ. అందులో తెల్ల రుమాలు కట్టుకున్న నేను. "గుర్తుపట్టగానే టీ కప్పు వదిలేశానమ్మా" అంది బోతా. పూర్తిగా చూడలేదట, నాతో కలిసి చూద్దామని వెతికి కొనుక్కొచ్చిందట.

ఆ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు చేశాను. ఆరల్ సముద్రం మా ఊరిని వదిలి వెళ్ళిపోయినా పని ఆగలేదు. ఎక్కడో మహాసముద్రంలో పట్టిన చేపల్ని గడ్డకట్టించి రైల్లో పంపేవారు. వాటి పొట్టలు కోసి శుభ్రం చేసేవాళ్ళం. మా వరసకి మేస్త్రీ మా ఆయనే. ఎవరు ఎప్పుడు రావాలో, ఎప్పుడు వెళ్ళాలో ఆయన చేతిలో ఉండేది.

విదేశీయులు కెమెరాలతో వచ్చింది ఎనభై తొమ్మిది శరత్కాలంలో. అప్పటికి నా మొదటి కూతురు జెరెకి పదకొండు నెలలు. పొద్దున్నే ఒళ్ళు వెచ్చగా ఉంది. మా అత్తగారికి అప్పగించి పనికి వెళ్ళాను. మధ్యాహ్నం పక్కింటి పిల్ల పరిగెత్తుకొచ్చి, జ్వరం బాగా పెరిగిందనీ పాప పాలు తాగడం లేదనీ చెప్పింది. నాకు మాత్రం పాలు కట్టి రవికె తడిసిపోతోంది. నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే ట్రక్కులో, ఉప్పు నేల దాటకముందే, జెరె నా ఒళ్ళోనే పోయింది.

పరామర్శకి వచ్చినవాళ్ళతో మా ఆయన అన్నాడు: "అంత ఎక్కువగా ఉందని నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఫొటో తీస్తున్నారని అక్కడే నిలబడిపోయింది."

ఆ మాటని మా అత్తగారు పట్టుకుంది. పాలు పొంగినా, అన్నం మాడినా, బోతాకి దగ్గొచ్చినా అదే. "కెమెరా ముందు నిలబడ్డ తల్లి కదా, బిడ్డలెక్కడ గుర్తుంటారు." ఇరవయ్యారేళ్ళు విన్నాను. మొదటి రెండేళ్ళు, నేను అడిగాను, మూడుసార్లు అడిగాను అని చెప్పాను. "మరి మా వాడు అబద్ధమాడతాడా" అనేది. తర్వాత చెప్పడం మానేశాను. అన్నిటికన్నా దారుణం ఏమిటంటే, ఒక మాటని అన్నేళ్ళు వింటే అది మన సొంత జ్ఞాపకం పక్కకి వచ్చి కూర్చుంటుంది. పాత్రలు తోముతూ ఆలోచించేదాన్ని. నిజంగా అడిగానా? మనసులో అనుకుని ఊరుకున్నానా? యంత్రాల చప్పుడులో వినపడనంత మెల్లగా అడిగానా? కాస్త గట్టిగా అడిగి ఉంటే బతికేదా? ఒక్కోసారి నిజంగానే కెమెరా వైపు చూసి రుమాలు సర్దుకున్నానేమో అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసేది.

అందుకే ఆ డిస్కు చూడటానికి భయపడ్డాను. మా ఆయన భయపడలేదు. ఊళ్ళోవాళ్ళని పిలిచాడు. ఆయన ఆ రోజు ఏం చెప్పాడో పూర్తిగా మర్చిపోయాడని అప్పుడే అర్థమైంది. నేను ఇరవయ్యారేళ్ళు మోసింది ఆయన ఒక్క పూట కూడా మోయలేదు.

మధ్యాహ్నం భోజనాలకి ముందే సినిమా పెట్టారు. గది నిండిపోయింది. ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు టీవీకి ఎదురుగా పరుపు మీద కూర్చుంది. నేను టీ గిన్నెలు అందిస్తూ గుమ్మం దగ్గర ఉన్నాను. పడవలు రాగానే మగవాళ్ళు వాటి పేర్లు చెప్పుకున్నారు. తర్వాత మా వరస కనిపించింది. తెల్ల రుమాళ్ళు, కత్తులు, చేపలతో కదిలే బెల్టు. కెమెరా ఒక్కో ముఖాన్నీ దాటుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఆ ముఖం చూడండి. సముద్రం పోయిన దుఃఖమంతా అందులోనే ఉంది" అన్నారు రిటైరైన ఒరాజ్‌బెక్ మాస్టారు.

తెర మీద నేను కత్తి కింద పెట్టాను. పక్కకి తిరిగాను. కెమెరా నా వెంటే వచ్చింది. పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"అదిగో, నేనే" అన్నాడు మా ఆయన సంబరంగా లేచి నిలబడి.

నా పెదవులు కదిలాయి. ఆయన తల ఎత్తకుండానే అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఏదో అన్నాను, చేత్తో గుమ్మం వైపు చూపిస్తూ. మళ్ళీ తల ఊపి, పెన్నుతో నా చోటు చూపించాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, తిరిగొచ్చి, కత్తి తీసుకున్నాను. నా ముఖం తెరంతా నిండింది. గొంతు మాత్రం లేదు. దాని బదులు సంగీతం. ప్రపంచమంతా ఆ ముఖాన్ని చూసింది. ఏమంటున్నావని ఎవరూ అడగలేదు.

"అమ్మా, అక్కడ నాన్నతో ఏమంటున్నావు?" అంది బోతా.

మా ఆయన మెల్లగా కూర్చున్నాడు.

నేను టీ గిన్నె కింద పెట్టాను. "మీ అక్కకి జ్వరం ఎక్కువైందట, ఇంటికి పంపమంటున్నా. అది మూడోసారి."

"నాన్నేమన్నారు?"

"జిల్లా నుంచి పెద్దలొచ్చారు, పొద్దు వాలేదాకా ఫిల్ము తీస్తారు. వరసలో ఒక చోటు ఖాళీగా ఉంటే పన్నూడిన నోరులా ఉంటుంది, వెళ్ళి నిలబడు అన్నారు."

"సినిమావాళ్ళు ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి అతికిస్తారు" అన్నాడు ఆయన మాస్టారి వైపు చూస్తూ. "పై నుంచి ఆర్డర్లుండేవి. మీకు తెలీనిదేముంది?"

మాస్టారు తన చేతుల్ని చూసుకుంటున్నారు.

"మళ్ళీ వెయ్యి" అంది మా అత్తగారు.

"అపా, ఇంకెందుకు" అన్నాడు ఆయన తల్లితో.

"నిన్ను కాదు. పిల్లా, మళ్ళీ వెయ్యి."

బోతా మళ్ళీ వేసింది. మా అత్తగారు మోకాళ్ళ మీద జరుగుతూ టీవీ దగ్గరికి వెళ్ళి, మసకకళ్ళు తెరకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. కొడుకు తల అడ్డంగా ఊపడం చూసింది. నా చెయ్యి గుమ్మం వైపు లేవడం చూసింది. అయిపోయాక అక్కడే నేల మీద కూలబడింది. వచ్చినవాళ్ళు మాంసం ముట్టకుండానే ఒక్కొక్కరూ చెప్పులేసుకున్నారు.

ఏడుపు రాలేదు నాకు. నేను అడిగాను. ఆయనకి వినపడేలాగే అడిగాను. దాంతో ఇన్నాళ్ళూ నా మీద మోపిన బరువు దిగిపోతుందనుకున్నాను. కానీ దాని కింద జెరె ఉంది, పదకొండు నెలల పిల్ల అలాగే ఉంది. ఇన్నేళ్ళూ నా తప్పేనని ఏడ్చాను గాని, దాని కోసం ఏడవనేలేదు.

మా వైపు ఆడవాళ్ళు ఖననానికి వెళ్ళరు. ఆ రోజు మగవాళ్ళే తీసుకెళ్ళారు. ఎక్కడ పెట్టారో అడిగే అర్హత నాకు లేదనుకున్నాను.

"జెరెని ఎక్కడ పెట్టారు?" అని అడిగాను ఆయన్ని.

ఆయన కిటికీలోంచి చూశాడు. "పడమటి వైపనుకుంటా. ఆ ఏడు చాలామంది పిల్లలు పోయారు కదే. రాయి పెట్టలేదు. ఇసుక కూడా జరిగిపోయింది." ఇటు తిరక్కుండానే, "గుర్తులేదు" అన్నాడు.

శాలువా తీసుకున్నాను. "ఇప్పుడెక్కడికి? ఆడవాళ్ళు అటు వెళ్ళకూడదు" అన్నాడు.

"వెళ్ళనీ" అంది మా అత్తగారు నేల మీద నుంచే. "ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపు, ఉల్‌బోసిన్." ఆ నోట నా పేరు వినడం అదే మొదలు.

బోతా వెంట వస్తానంది. వద్దన్నాను.

శ్మశానంలో పడమటి వైపు గోడ సగం ఇసుకలో మునిగి ఉంది. దాని పక్కన చిన్న దిబ్బలు పదకొండు, రెండేసి మూరల పొడవువి. కొన్ని ఉబ్బుగా, కొన్ని నేలతో కలిసిపోయి. ఏది నా కూతురిదో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. మొదటిదాని పక్కన కూర్చుని, ఇసుక మీద చెయ్యి వేసి జోకొట్టాను. కాసేపటికి లేచి రెండోదాని దగ్గరికి వెళ్ళాను. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి ఊరి వైపు నుంచి ఆయన నన్ను పిలవడం వినిపించింది. నేను ఏడోదాని దగ్గర కూర్చున్నాను.