కానీ అనే మాట

కటింగ్ మాస్టారి చెల్లెలు చేప మెదడు మీద పరిశోధన చేస్తుంది. మామూలు చేప అయినా బాగుండేది. ఇది పాములా పొడుగ్గా ఉంటుంది, దవడలు ఉండవు, గుండ్రటి నోటితో గాజుతొట్టి గోడను కరుచుకుని కూర్చుంటుంది. అది గోడను ఎప్పుడు వదులుతుంది, వదిలితే ఎటు పోతుంది, అటే ఎందుకు పోతుంది అని చూడటం ఆమె ఉద్యోగం. "మా ఆడపడుచు ఇంత చదువూ చదివి, ఎటు వెళ్తావమ్మా అని చేపని అడిగి జీతం తెచ్చుకుంటోంది" అని వదిన షాపుకి వచ్చేవాళ్లందరికీ చెప్పేది. అందులో ఎగతాళి పావు, గర్వం ముప్పావు.

ఈమధ్య వదినకు ఎగతాళి చేసే ఓపిక కూడా పోయింది. మాస్టారు ఉన్నట్టుండి ఆగిపోతున్నాడు. మిషన్ల గదిలోంచి ముందు గదిలోకి వచ్చే గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. కత్తెర తెరిచి గుడ్డ అంచున పెట్టాక చెయ్యి ముందుకు కదలదు. డాక్టరు పార్కిన్సన్ జబ్బని చెప్పి మందులు రాశాడు. మందు పనిచేసినంతసేపు కాస్త నయం, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. వదిన మందులు వేళకు ఇస్తుంది గానీ జబ్బు సంగతి నమ్మదు. ఇన్నేళ్లు కాపురం చేసిన ఆమెకు ఆయన మొండితనం తెలిసినంత డాక్టరుకేం తెలుసు?

పోయిన నెల ఒక కోటు చేతిని సగం కోసి ఆగిపోయాడు. వదిన తొందర పెట్టేసరికి ఒక్క ఉదుటున అడ్డంగా కోసి పారేశాడు. బంగారంలాంటి గుడ్డ పాడైంది. ఆమె ఆ సాయంత్రమే కత్తెరను బీరువాలో పెట్టి తాళం వేసి, షాపు మూసేద్దామంది.  అప్పటినుంచి మాస్టారు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. ఆ కబురు విన్నాక చెల్లెలికి చేపల దగ్గర మనసు నిలవలేదు. సెలవు పెట్టి వచ్చేసింది.

"మీ అన్నయ్య మంచివాడే, కానీ ఆయనకి పని మీద ఇష్టం పోయింది. షాపు ఉంచుకోవాలని నాకూ ఉంది, కానీ..." అంది వదిన. ఆమె నోట ఏ మంచి మాటైనా ఆ 'కానీ' దాకా వచ్చి చతికిలబడుతుంది.

చెల్లెలు ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. గుండీలు విడదీస్తూ తన చేప సంగతి చెప్పింది.

"మెదడు అడుగున ఒక పెద్దావిడ ఉందనుకో వదినా. ఆవిడ ఇంట్లో అందర్నీ పొద్దస్తమానం వద్దు వద్దు అంటూనే ఉంటుంది. కాళ్లకి వద్దు, చేతికి వద్దు, మెడకి వద్దు. లేకపోతే అన్నీ ఒకేసారి బయల్దేరి కొంప మునుగుతుంది. ఏదో ఒకదాని విషయంలో ఆవిడ నోరు మూసుకుంటే ఆ ఒక్క పనీ జరుగుతుంది. నా చేప గోడ వదిలేది అట్లాగే."

"మీ అన్నయ్య చేపా?"

"చేపకీ మనకీ ముత్తాతలు ఒకళ్లే. యాభై కోట్ల ఏళ్ల కిందట దారులు వేరయ్యాయి. తర్వాత మనం పైన మేడలు కట్టుకున్నాం, పునాది మాత్రం అదే. చేసిన పని బాగుందా, మళ్లీ చెయ్యొచ్చా అని తూచి చూసే ఏర్పాటు కూడా దానికీ ఉంది, మనకీ ఉంది. పెద్దావిడ నోరు మూయించడానికి ఒక రసం కావాలి. అన్నయ్యలో అది ఇంకిపోతోంది. ఆయనకి ఇష్టం లేక కాదు వదినా. ఇష్టం ఉంది, లోపల్నించి సెలవు దొరకట్లేదు."

 ఇవన్నీ ఆయన ఒక్కసారైనా నోరు విప్పి చెప్పొచ్చుగా అంది వదిన. ఆయనకి మాత్రం ఏం తెలుసని చెబుతాడు అంది చెల్లెలు.

ముందు నడక సంగతి చూద్దామనుకున్నారు. దారికి అడ్డంగా గీతలు గీసి, ఒక్కో గీతా దాటమంటే కాళ్లు కదులుతాయని ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ చెప్పింది. చెల్లెలు సుద్దబిళ్ల తీసుకుని గుమ్మం నుంచి కటింగ్ బల్ల దాకా అడ్డగీతలు గీసింది. మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు, ఆగాడు, మొదటి గీతను చూశాడు. కాళ్లు నిజంగానే కదిలాయి. అయితే గీతను దాటకుండా పక్కకు తిరిగి, దాని వెంటే బుద్ధిగా నడిచి, ఇస్త్రీ బల్లకు కొట్టుకున్నాడు.

"గీత ఉన్నది దాని వెంట పోవడానికి గానీ దాటడానికా?" అని కోప్పడ్డాడు.

వదిన నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో. తప్పు చెల్లెలిదే. బతుకంతా సుద్దగీత వెంట కత్తెర నడిపిన మనిషిని గీత దాటమంటే ఎట్లా? అవి కత్తెర గీతలు కావనీ, టేపు మీది అంగుళాల గీతల్లాంటివనీ ఆమె చెప్పింది. ఆయన ఈసారి ఒకటి, రెండు అని కొలుచుకుంటూ బల్ల దాకా వచ్చేశాడు.

బల్ల మీద బడి పంతులుగారి కోటు గుడ్డ ఉంది. తిరిగి ఇచ్చేద్దామని వదిన మడిచి పెట్టింది. మాస్టారు దాని మీద చెయ్యి వేసి భార్య వైపు చూశాడు.

"తాళం తియ్యి. ఇది కొయ్యలేకపోతే కత్తెర నేనే నీ చేతిలో పెడతాను. మళ్లీ అడగను."

ఆయన మాట అంటే మాటే.  వదిన బీరువా తెరిచి కత్తెర తెచ్చి ఇచ్చింది, ఆ గదిలోనే మూలనున్న మిషన్ ముందు కూర్చుని గోడవైపు తిరిగింది.

గీతలన్నీ ఆయనే గీశాడు. ఒక్కటి కూడా వంకర పోలేదు. చెల్లెలు గుడ్డ రెండో కొస పట్టుకుంది. చిన్నప్పుడు నాన్న షాపులో అది ఆమె పనే. ముక్కాలిపీట ఎక్కి కొస పట్టుకుని, ముడత లేకుండా లాగేది. అన్నయ్య అప్పుడే కత్తెర పట్టడం నేర్చుకుంటున్నాడు.

కత్తెర తెరుచుకుంది. గుడ్డ అంచున ఆనింది. ఆగింది.

గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వేళ్లు తెల్లబడ్డాయి. తొట్టిలో చేప ఎంతసేపు కదలకపోయినా విసుగు లేకుండా చూసే మనిషి, ఇది చూడలేకపోయింది. అన్నయ్యను ఇట్లా పరీక్షకు నిలబెట్టడం పాపమనిపించింది. ఆయన ఓడిపోకముందే తనే చాలించమని చెప్పాలనుకుంది.

"అన్నయ్యా, నువ్వు కొయ్యాలనే నాకూ ఉంది. కానీ..."

కర్రుమని కత్తెర కదిలింది.

గీత వెంట, ఎక్కడా తడబడకుండా, చంక మలుపు దాకా వెళ్లి ఆగింది. వదిన కూడా ఇటు తిరిగింది. ముగ్గురూ కత్తెర వైపే చూశారు. అప్పుడు గుర్తొచ్చింది చెల్లెలికి. కొస బిగిసింది, ఇక కొయ్యి అని చెప్పడానికి చిన్నప్పుడు ముక్కాలిపీట మీద నుంచి తను అరిచిన మాట అదే, 'కానీ'. నాన్న నేర్పిన మాట. ఆ మాట వినపడితేనే అన్నయ్య కోసేవాడు. లోపలినుంచి దొరకని సెలవు బయటినుంచి, పాత పక్కదారిన వచ్చింది.

"ఏదో అనబోయావు?" అన్నాడు మాస్టారు, గుడ్డ మీంచి తల ఎత్తకుండానే.

"ఏం లేదు," అంది చెల్లెలు. కొస ఇంకొంచెం బిగించి లాగింది. "కానీ."

మలుపు తిరిగింది కత్తెర.

జబ్బు తగ్గలేదు. తగ్గదని చెల్లెలికి తెలుసు, ఆయనకూ తెలుసు. ముందు ముందు ఈ మాట కూడా పనిచెయ్యని రోజు రావచ్చు. ఆ సంగతి అప్పుడే ఎత్తడానికి ఆమెకు మనసొప్పలేదు.

వెనకభాగం కొయ్యడానికి గుడ్డ తిప్పి పరిచేసరికి వదిన మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఆడపడుచు చేతిలోంచి కొస తీసుకుంది.

"నువ్వు రేపు నీ చేపల దగ్గరికి పోతావు. రోజూ ఇక్కడ నిలబడేది నేనేగా" అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగింది: "ఎప్పుడనాలి?"

"గుడ్డ బిగిసిందనిపించినప్పుడు."

వదిన ముడత లేకుండా లాగింది. మొగుడి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఆ మాటతోనే ఆయన్ని ఆపుతూ వచ్చిన మనిషి, కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"కానీ" అంది.