తవుడు పోయిన బియ్యం

నా భార్యను చంపింది బియ్యం కాదు, బియ్యం సంచి మీద అంటించిన కాగితం. దాన్ని నమ్మిన మూర్ఖులం మేమిద్దరం.

మా మిల్లులో ఆడేది అడవి వరి. మడుగుల్లో దానంతటదే మొలిచే గడ్డి గింజ. సూదిలా పొడవు, బొగ్గులా నలుపు. పద్దెనిమిదేళ్లుగా తవుడు తీసే యంత్రం దగ్గర నేనే ఉన్నాను. సంచి మీద 'యాంటీఆక్సిడెంట్ల గని, రక్తపోటుకు విరుగుడు' అని రాసి ఉంటుంది. నా భార్యకు రక్తపోటు. అది చదివి డాక్టరిచ్చిన మాత్రలు మానేసింది. ఏడు నెలలు ఈ బియ్యమే వండుకు తింది. ఒక ఉదయం చీపురు పట్టుకుని వంగిన మనిషి మళ్లీ లేవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు.

ఆమె చెల్లెలు మా మిల్లులోనే సంచులు కుడుతుంది. అక్కకున్న జబ్బే తనకీ ఉంది. నాలుగు రోజులుగా మాత్ర వేసుకోవడం లేదని మొన్న తెలిసింది.

"మీ అక్క పోయింది చాలదా?" అన్నాను.

"అక్క ఉప్పు మానలేదు బావా. అందుకే బియ్యం పని చెయ్యలేదు. ఆ మాత్ర వేసుకుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

చచ్చినవాళ్ల మీద నేరం మోపడం తేలిక. వాళ్లు ఎదురు చెప్పరు.

ఈ రోజు యజమాని, మా బియ్యం గొప్ప చెప్పించడానికి, దాన్ని పరీక్షించిన పరిశోధకురాలిని పిలిపించాడు. కుట్టు గదిలో బెంచీలు వేశారు. ఈ గింజలోని ఫినాలిక్ ఆమ్లాలు ఒంట్లో కణాలు పాడవకుండా అడ్డుకోగలవని ఆవిడ చెప్పింది. మరదలు నా వైపు తిరిగి గడ్డం ఎగరేసింది, విన్నావా అన్నట్టు.

లేచి నిలబడ్డాను. "ఎక్కడ అడ్డుకున్నాయి మేడం? మనిషి ఒంట్లోనా?"

"గాజు గొట్టాల్లో చూశాం. ఎలుకల్లో కొంత మేలు కనిపించింది. మనుషుల మీద గట్టి పరీక్షలు ఇంకా జరగాలి."

"అయితే మాత్రలు మానెయ్యొచ్చా?"

"అయ్యో, ఎవరన్నారు? ఇది మంచి తిండి, అంతే. మందు కాదు."

"కూర్చోవయ్యా," అన్నాడు యజమాని.

"ఇంకొక్కటి. ఆ మంచిదంతా గింజలో ఎక్కడుంటుంది?"

"ఎక్కువ భాగం పైపొరలో. తవుడులో."

వెనక బెంచీలో ఒకావిడ కిసుక్కుమంది. "అయితే మనూళ్లో గేదెలకి గుండెజబ్బే రాదన్నమాట!" గది గొల్లుమంది. మా తవుడంతా దాణాకే పోతుంది మరి.

మేడం నవ్వలేదు. "మీరు తవుడు తీసేస్తారా? నాకు పంపింది పూర్తి గింజ కదా?"

పంపింది నేనే. త్వరగా ఉడకాలని, అమ్మే బియ్యాన్ని యంత్రంలో మూడుసార్లు రాపిడి పట్టి తవుడు తీసేస్తాం. పరీక్షకు మాత్రం తవుడు తీయని గింజ పంపమన్నాడు యజమాని. డబ్బాలో పోసి మూత బిగించాను. అమ్మేవాడెవడైనా మంచి కాయలే పైన పేరుస్తాడు కదా అనుకున్నాను. అంతకు మించి నా బుర్ర కదల్లేదు. ఆ డబ్బాలో గింజల పరీక్ష చూపించే సంచుల మీద ఆ కాగితం అంటించారు.

అదే చెప్పాను, అందరి ముందూ.

యజమాని మొహం మాడింది. "రేపట్నుంచి పనిలోకి రాకు."

"రేపటిదాకా ఎందుకు?" అని బయటికి నడిచాను.

మరదలు గేటు దగ్గర అందుకుంది. "ఆ డబ్బా సంగతి అక్కకి చెప్పావా?"

"లేదు."

"ఏడు నెలలు! పక్కన కూర్చుని అదే అన్నం తిన్నావు. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

 

"మాత్రలెక్కడున్నాయి?" అన్నాను.

"ఇంట్లో. నీకెందుకు?"

"పద."

దారి పొడుగునా తిట్టింది. నేను వెనకే నడిచాను. వంటగదిలో మాత్రల డబ్బా తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నోరు బార్లా తెరిచి చూపించింది. "చాలా? ఇక నా గుమ్మం తొక్కకు."

"కళ్లు తిరిగితే డాక్టర్ని అడిగి మందు మార్పించుకో. మానకు. రేపు మళ్లీ వస్తాను."

"తలుపు తియ్యను."

"కిటికీలోంచి చూస్తాను."

తలుపు నా మొహం మీదే వేసింది. వెయ్యనీ.