ప్రార్థన అంశం

ముందు గదిలో మగవాళ్ళు అరచేతులు గుంటచేసి బోలుగా చప్పట్లు కొట్టారు. అంటే తప్పు ఒప్పుకుంటూ ఇచ్చే తిమింగలం పన్ను చేతులు మారింది, క్షమాపణ అందింది, తగువు తీరిపోయింది. ఆ తగువు ఎవరిదో ఆ మనిషి, ఉనైసి, వెనక వంటపాకలో కొబ్బరి కోరుతూ కూర్చునుంది. ఆమెను పిలవాలని ఒక్కరికీ తోచలేదు.

పన్ను తెచ్చినవాళ్ళు తరైవిని తరఫు పెద్దలు. పుచ్చుకున్నవాడు ఉనైసి మొగుడు ఇసిమేలి. అందరూ కలిసి యంగోనా వేరు దంచి కలిపిన మత్తునీళ్ళు తాగారు, ఉడికించిన చేమదుంపలు తిన్నారు, నవ్వుకుంటూ వెళ్ళారు. వాళ్ళని సాగనంపి ఇసిమేలి వంటపాకలోకి వచ్చాడు. పెద్ద పన్నే తెచ్చారనీ, దాని తాడు కూడా కొత్తదేననీ సంబరంగా చెప్పాడు.

"ఎవర్నడిగి తీసుకున్నావు?" అంది ఉనైసి.

"అడిగేదేముంది? పెద్దమనుషులు పన్ను పట్టుకుని గుమ్మంలో కూచుంటే పొమ్మంటామా? అయిపోయింది. పాతిపెట్టేశాం. ఇంక ఆ మాట ఎత్తకూడదు."

"పాతిపెట్టింది మాటనా, నన్నా?"

ఇసిమేలి చెడ్డవాడు కాదు. జవాబు తెలియనప్పుడు పొగాకు చుట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయే రకం. అప్పుడూ అదే చేశాడు.

ఇంతకీ తరైవిని చేసిందేమిటో చెప్పాలి. ఆమె, ఉనైసి ఒకరికొకరు వదినలు. ఒకరి తల్లి ఇంకొకరికి మేనత్త. ఆ వరస ఉన్నవాళ్ళు ఒకర్నొకరు ఎంత ఆటపట్టించుకున్నా ఊళ్ళో తప్పులేదు. ఉనైసి నడుము చూసి, పడవలకి దారి ఇవ్వమనేది తరైవిని. తరైవిని పాడితే కప్పలు అవతలి గట్టుకి మకాం మారుస్తున్నాయనేది ఉనైసి. రేవా నదిలో కూరకి గుల్లలు ఏరడానికి ఎప్పుడూ ఇద్దరూ కలిసే దిగేవారు. మెడలోతు నీళ్ళలో నిలబడి కాలివేళ్ళతో బురద కెలకాలి. గుల్ల తగిలితే మునిగి తీయాలి. ఒకరు మునిగినప్పుడు రెండోవాళ్ళు సత్తుగిన్నె పట్టుకుని, మునిగిన చోటునుంచి చూపు తిప్పకుండా ఉండాలి. నీళ్ళ అడుగున మొద్దులుంటాయి, సుడులుంటాయి. పైన చూసే కళ్ళమీద నమ్మకంతోనే కిందికి వెళ్ళేది.

అలా నీళ్ళలో ఉండగానే ఒకరోజు ఉనైసి తన గుట్టు చెప్పింది. కూతురు కెలెరా జ్వరంతో పోయినప్పటినుంచి తనకి ప్రార్థన రావడం లేదు. నోటికి వస్తోంది, లోపల్నుంచి రావడం లేదు. అప్పటికి ఆమె చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. బుధవారం కూడికలో ఆమె ప్రార్థన మొదలుపెడితే ముసలమ్మలు ముక్కులు చీదుకుంటూ ఏడ్చేవారు. ఉనైసికి మాత్రం తన పెదవులు ఆడుతున్నాయని తెలిసేది, అంతే. ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినట్టుంది వదినా, అని చెప్పుకుంది. తరైవిని గిన్నె వదిలేసి తడిచేత్తో ఆమె చెంప నిమిరింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఉనైసిని ఎక్కువగా కాల్చింది ఆ చెయ్యే.

ఎందుకంటే ఆ ఆదివారమే, చర్చి ఆరాధనలో పాస్టరు అయ్యగారు ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఎవరికో మోకాళ్ళ నొప్పులు. ఎవరి కొడుకుకో సైన్యంలో ఉద్యోగం రావాలి. ఆ తర్వాత తరైవిని లేచి నిలబడింది. అప్పటికే ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"మన సోదరి ఉనైసి కోసం ప్రార్థించండి. పిల్ల పోయినప్పటినుంచి తనకి విశ్వాసం లేదు. మన కూడికల్లో చేసేవన్నీ వట్టి మాటలేనంట. పాపం, తనే నాతో చెప్పుకుంది."

ఒకరి గుట్టు నూతిదగ్గర చెబితే చాడీ అంటారు. అదే చర్చిలో కళ్ళు మూసుకుని చెబితే ఎదుటివాళ్ళ ఆత్మలకోసం మోసే భారం అంటారు. ఈ సదుపాయం దేవుడి బిడ్డలకే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఉనైసి తలమీద, భుజాలమీద చేతులు వేసి ప్రార్థించారు. ఆ చేతుల కింద ఆమె సిగ్గుతో ఉడికిపోయింది. ఇన్నాళ్ళూ తమ కన్నీళ్ళు దండగైపోయాయన్నట్టు ముసలమ్మలు ఆమెను చూశారు. ఆ తర్వాత అయ్యగారు మెత్తగా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో తల్లీ అన్నారు. సమాజానికి కొత్త పెద్దగా తరైవినిని నిలబెట్టారు. తరైవిని వద్దువద్దంటూనే ఒప్పుకుంది.

ఉనైసి చర్చికి వెళ్ళడం మానేసింది, తరైవినితో మాట మానేసింది. తరైవిని కావాలనే చేసిందా, ప్రేమకొద్దీ చేసిందా అన్నది ఆమెకి ఎంతకీ తేలలేదు. కావాలని చేసుంటే దాన్ని ద్రోహమని తిట్టిపోసి ఊరుకోవచ్చు. ప్రేమకొద్దీ చేసుంటే తిట్టుకునే దారి కూడా లేదు. ఇద్దరు వదినలు ఎడమొహం పెడమొహంగా ఉంటే ఊరికి మంచిది కాదని పెద్దలు పన్ను తీసి తగువు పాతిపెట్టారు. ఆ మర్నాడే తరైవిని దారిలో ఎదురై, ఏమీ జరగనట్టు నవ్వుమొహంతో, గుల్లలకి ఎప్పుడు పోదాం వదినా అని అడిగింది. అడిగే హక్కు ఆమెకుంది మరి, పన్ను ఇచ్చుకున్నారు కదా. ఉనైసి ఆమె పక్కనుంచి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఊరంతా ఉనైసినే తప్పుపట్టింది.

బుధవారం సాయంత్రం చర్చి ముందు చెక్కడోలు మోగింది. తెల్లబట్టలు కట్టుకుని ఆడవాళ్ళు కూడికకి బయల్దేరారు. ఉనైసి సత్తుగిన్నె చంకన పెట్టుకుని వాళ్ళకి ఎదురుగా నదికి నడిచింది. ఒంటరిగా దిగకూడదని ఆమెకి తెలుసు. గిన్నెకి తాడు కట్టి ఆ తాడు నడుముకి చుట్టుకుని దిగింది.

బురదలో వేళ్ళకి గుల్లలు గుట్టగా తగిలాయి. మునిగి, దోసిలి నింపుకుని పైకి లేచి, అలవాటుకొద్దీ తరైవిని మొహం కోసం చూసింది. గిన్నె ఒక్కటే నీళ్ళమీద ఊగుతోంది. అప్పుడే చర్చిలోంచి పాట వినిపించింది. ముందు పాడుతున్న గొంతు తరైవినిదే, ఎప్పటిలాగే శ్రుతి తప్పి. మామూలుగానైతే ఉనైసి కప్పల మాట అనేది, ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు కూడా ఇంక లేదని తెలిసేసరికి ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది. దోసిట్లో గుల్లలు నీళ్ళలోకి విసిరికొట్టింది. తల పైకెత్తి అరిచింది.

"నువ్వూ అంతే కదా! దానికి చెప్పుకుంటే ఊరికి చాటింది. నీకు చెప్పుకుంటే నోరు మూసుకున్నావు. నా కెలెరాని తీసుకునేటప్పుడు నన్నడిగావా? మా ఆయన పన్ను పుచ్చుకున్నట్టే పుచ్చుకున్నావు. నేను వంటపాకలోనే ఉన్నాను కదయ్యా. పిలిస్తే రానా? ఒక్క మాట చెబితే ఏం పోయింది నీకు?"

గొంతు జీరపోయేదాకా తిట్టింది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన తిట్లు కూడా వచ్చాయి. కెలెరా జుట్టు గురించి చెప్పింది, జ్వరంలో అది అడిగిన బొప్పాయిముక్క గురించి చెప్పింది. కూతురి పేరు పైకి అని ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు. అలా తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయింది.

వినేవాళ్ళు లేనిచోట ఎవరూ ఇంతసేపు తిట్టరు.

జవాబేమీ రాలేదు. ఓదార్పు కూడా రాలేదు. నది ఎలా పోతుందో అలాగే పోతోంది. కానీ తను మునిగిన చోటునుంచి చూపు తిప్పకుండా ఎవరో ఉన్నట్టు ఉనైసికి అనిపించింది. బహుశా మొదట్నుంచీ ఉన్నారు. తలుపవతల ఇల్లు ఖాళీగా లేదు. అయినా ఆమె కోపం తగ్గలేదు. కోపంతోనే అక్కడ నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఆమెకి హాయిగా ఉంది.

గట్టెక్కి, గిన్నె అక్కడే వదిలేసి, తిన్నగా చర్చికి నడిచింది. బురదకాళ్ళతో, నీళ్ళోడుతున్న బట్టలతో ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. ఉనైసి తొక్కింది. తలుపు దగ్గర చాపమీద కూర్చుంటే చుట్టూ చాప తడిసింది. ముందు వరసలో ముసలమ్మ ఒకామె అయ్యో అని నోరు నొక్కుకుంది. తరైవిని చేతిలో బైబిలుతో నిలబడి, ఆమెను చూసి తడబడి, ఆ సమయానికి అడగాల్సిందే అడిగింది. ప్రార్థన అంశాలు ఏమైనా ఉన్నాయా అంది.

"నాకొకటుంది," అంది ఉనైసి. "నేను తరైవినిని క్షమించలేదు. మగాళ్ళు పాతిపెట్టిన సంగతి నాలో బతికే ఉంది. ఇందాకే దేవుడికి చెప్పొచ్చాను. ఇంకెవరో లేచి చెప్పకముందు మీక్కూడా నా నోటితోనే చెబుదామని వచ్చాను. దీనికోసం ప్రార్థించండి."

అంశం వచ్చాక ప్రార్థించాల్సింది సమాజం పెద్దే. తరైవిని కళ్ళు మూసుకుంది. "ప్రభువా," అంది. ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు ఆడాయి, మళ్ళీ "ప్రభువా" అంది. మళ్ళీ ఆగిపోయింది. ఈసారి ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. మొహం పాలిపోయి ఉంది.

తలుపు కొట్టినా పలకని చోటు ఎలా ఉంటుందో ఉనైసికి తెలుసు. సాయం చెయ్యాలనిపించలేదు. లేచి వెళ్ళిపోవాలనీ అనిపించలేదు. ఆడవాళ్ళంతా తలలు వంచుకున్నా ఆమె వంచుకోలేదు. తడిబట్టలతో అక్కడే కూర్చుని, తరైవిని మొహంమీదనుంచి చూపు తిప్పకుండా, ఆమె ఎప్పుడు పైకి తేలుతుందా అని చూస్తూ ఉండిపోయింది.