ఊడని ఉద్యోగం

కోచ్‌గారి ఉద్యోగం ఊడిపోవాలని ఆ ఊళ్లో అందరికంటే గట్టిగా కోరుకున్నది ఆయన భార్య. గోల్‌పోస్టు వెనక నిలబడి ఆయన్ని తిట్టిపోసేవాళ్లు కూడా అంత మనసుపెట్టి కోరుకుని ఉండరు.

మూడు సీజన్లలో ఆయన ఫుట్‌బాల్ జట్టు గెలిచిన మ్యాచ్‌లు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, బొటనవేలు ఇంకా మిగులుతుంది. ఈ సీజన్‌లో అయితే పద్దెనిమిది ఆడి పన్నెండు ఓడారు. మరో చోట అయితే అలాంటి కోచ్‌ని ఏనాడో సాగనంపేవాళ్లు. ఇక్కడ కమిటీ ప్రతి రెండు నెలలకూ ఆయన్ని తీసేయడానికే కూర్చునేది, టీలు తాగేది, ఇంకో రెండు మ్యాచ్‌లు చూద్దామని లేచిపోయేది. ఆ టీలకి అంతు లేదు, ఆ రెండు మ్యాచ్‌లకీ అంతు లేదు.

ఆమె పోస్టాఫీసులో రిజిస్టర్డ్ ఉత్తరాల కౌంటరు చూస్తుంది. కౌంటరుకి అద్దం ఉందే గానీ అద్దంలో చిల్లి కూడా ఉంది, మాటలన్నీ లోపలికి వస్తాయి. కవరు మీద బిళ్లలు అంటిస్తూ ఒకడు, నిన్నటి స్కోరు కూడా రిజిస్టరు చేయమంటాడు. ఇంకొకడు మరీ తెలివైనవాడు. జట్టులో పదో నెంబరు జెర్సీ వేసుకునేది క్లబ్బు ప్రెసిడెంటుగారి బావమరిది కాబట్టి, వాణ్ణి ఆడించినంత కాలం కోచ్‌గారి కుర్చీకి ఢోకా లేదని క్యూలో అందరికీ వినపడేలా చెబుతాడు. ఆమె తల ఎత్తకుండా ముద్ర గుద్దేది. ఆ ముద్ర కాస్త గట్టిగానే పడేది.

ఇంట్లో ఆయన పరిస్థితి చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కంచం ముందు కూర్చుని మంచినీళ్ల గ్లాసునీ, ఉప్పు డబ్బానీ అటూ ఇటూ జరిపి ఆటగాళ్లను సర్దుకుంటూ ఉంటాడు, అన్నం చల్లారిపోతుంది. రక్తపోటు పెరిగిందనీ, ఆ పని మానకపోతే మాత్రలు పెంచాల్సి వస్తుందనీ డాక్టరు మొహం మీదే చెప్పాడు. అదృష్టం కొద్దీ కోచ్‌గారి అక్కగారి భర్త ఒక స్కూలుకి హెడ్‌మాస్టరు. అక్కడ డ్రిల్ మాస్టారు ఉద్యోగం ఖాళీ అయింది. పూటకి మూడు పీరియడ్లు, సాయంత్రం నాలుగింటికల్లా ఇంట్లో ఉండొచ్చు. మంగళవారం పొద్దున్నకల్లా ఏ సంగతో తేల్చమని హెడ్‌మాస్టరు కబురు పెట్టాడు. కోచ్‌గారు మాత్రం వాళ్లుగా తీసేస్తే సరే గానీ ఓడిపోతున్న పిల్లల్ని నడిమధ్య వదిలి నేనెలా పోతానని ఒకే మాట మీద కూర్చున్నాడు. అంటే ఇక ఆమెకి మిగిలింది ఒక్కటే, వాళ్ల చేత తీసేయించడం.

శనివారం మ్యాచ్ నాలుగు సున్నాతో పోయింది. ఆదివారం ఎప్పటిలాగే పదహారు జెర్సీలు పెరట్లో తొట్టి దగ్గరికి చేరాయి.

ఈ జెర్సీల సంగతి చెప్పాలి. క్లబ్బు వాషింగ్ మెషిన్ కాలిపోయింది, రెండు వారాల్లో బాగు చేయిస్తారు, అప్పటిదాకా మనింట్లో ఉతుకుదామని కోచ్‌గారు ఒక మూట మోసుకొచ్చాడు. ఆ రెండు వారాలు జరిగి రెండేళ్లయింది. పైగా అవి తెల్ల జెర్సీలు. ప్రెసిడెంటుగారికి రంగుల ఫ్యాక్టరీ ఉంది, వెయ్యి రంగులు తయారు చేస్తాడు, ఆయనకి జట్టు కోసం తెలుపు తప్ప ఇంకోటి దొరకలేదు. బురద మరకకి సబ్బు, గడ్డి మరకకి నిమ్మ ఉప్పు, నెత్తురు మరకకి చల్లనీళ్లు. ఆమె వేళ్ల సందుల్లో చర్మం చిట్లి మంట పుడుతుండేది. ఎవరితో చెప్పుకుంటుంది?

మొదట్లో ఒకసారి ఆటకి వెళ్లింది. జనం ఆయన్ని పేరు పెట్టి గోల చేస్తుంటే చూడలేక సగంలో లేచి వచ్చేసి, మళ్లీ ఆ గేటు తొక్కలేదు. అయినా ఆట ఆమెకి తెలుస్తూనే ఉంది. తెల్లబట్ట అబద్ధం చెప్పదు. ఎవడు ఎటు పడ్డాడో, ఎవడు ఎవడి భుజం పట్టుకు లాగాడో, ఎవడి చొక్కా చెమటకి ఎంత బరువెక్కిందో చేతుల్లోకి వచ్చేది. రెండేళ్లు ఉతికేసరికి ముఖాలు సరిగ్గా ఎరగని ఆటగాళ్లందరినీ ఆమె నెంబర్లతో ఎరుగును. ఇదంతా ఆట తెలియడం అని మాత్రం ఆమె అనుకోలేదు. ఉతికేవాళ్లకి మురికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకునేది, అంతే.

సోమవారం మధ్యాహ్నం భోజన విరామంలో కౌంటరు మూసి, రంగుల ఫ్యాక్టరీకి వెళ్లింది. భర్తతో చెప్పలేదు.

ప్రెసిడెంటుగారి గదిలో గోడల నిండా రంగు చీటీలు. పసుపులోనే నలభై రకాలు. ఆయన లావుపాటి మనిషి, మాట మెత్తన. ఆమెను కూర్చోబెట్టి, నీళ్లు తెప్పించి, విషయం అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. కోచ్‌గారి ఆరోగ్యం బాగాలేదని, వేరే ఉద్యోగం చేతిలో ఉందని, మీరు తీసేస్తే తప్ప కదలడని, పుణ్యముంటుంది తీసేయమని అడిగింది. తన భర్తని ఉద్యోగంలోంచి తీసేయమని ఒక మనిషి ముందు చేతులు జోడించాల్సి వస్తుందని ఆమె జన్మలో అనుకోలేదు.

ప్రెసిడెంటుగారు ఊపిరి పీల్చుకున్నాడు. ఆయనకీ అదే బెంగగా ఉందట. ప్రతిసారీ తీసేద్దామనే పిలుస్తారట, కోచ్‌గారు వచ్చి తప్పంతా నాదేనని తల వంచుకు నిలబడతాడట. ఇంకొకడి మీద ఒక్క మాట తోయని మనిషిని పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదట. మూడేళ్లు ఆ మొహమాటంలోనే గడిచాయి. శనివారం మాత్రం పక్క ఊరి వ్యాపారుల్ని పిలిచి మరీ నాలుగు గోల్స్ చూపించాల్సి వచ్చింది, ఇక లాభం లేదు. ఉత్తరం కూడా టైపు చేయించేశాడు, సాయంత్రం ఇచ్చేద్దామని. మీరూ ఒకసారి చూడండమ్మా అని ఆమె ముందుకి జరిపాడు.

ఆమె కోరింది కోరినట్టుగా కాగితం మీద ఉంది. అక్కడితో దణ్ణం పెట్టి లేచిపోతే ఈ కథే లేదు. కానీ రోజంతా ఉత్తరాల మధ్య బతికే మనిషి, చేతికొచ్చిన కాగితం చదవకుండా ఉండలేదు. రెండో పేరాలో ఇలా ఉంది: ఆటగాళ్లు కష్టపడటం లేదు, మైదానంలో పరిగెత్తడం లేదు, వారిలో శ్రద్ధ కలిగించడంలో కోచ్ విఫలమయ్యారు.

ఆమె ఆ పేరా రెండుసార్లు చదివింది. ఒళ్లు మండిపోయింది.

"ఎవరండీ పరిగెత్తనిది?" అంది.

ప్రెసిడెంటుగారు ఏదో మామూలుగా రాసే మాట అని సర్దబోయాడు.

"మామూలుగా ఎలా రాస్తారు? ఆ బట్టలు ఉతికేది నేను. మూడో నెంబరు జెర్సీ చూశారా మీరెప్పుడైనా? ఎడమ తుంటి మీద గడ్డి మరక రెండేళ్లుగా పోవడం లేదు. వాడు పడి లేచి, పడి లేచి చస్తున్నాడు. వాడి ముందు ఉండాల్సినవాడు వెనక్కి రాడు, ఇద్దరు మీద పడుతుంటే వీడొక్కడే అడ్డం పడుతున్నాడు. ఆరో నెంబరు మేజోళ్లు మోకాలి దగ్గర నేనే నాలుగుసార్లు కుట్టాను. గోల్‌కీపరు మోచేతుల నెత్తురు నానబెట్టకపోతే వదలదు. వీళ్లా కష్టపడనిది?"

"వాడి ముందు ఉండాల్సింది ఎవరమ్మా?" అని ఆయన నెమ్మదిగా అడిగాడు.

అప్పటికైనా నాలుక కరుచుకోవాల్సింది. కానీ మూడేళ్లుగా అద్దం చిల్లిలోంచి విన్నదంతా ఆ క్షణాన గొంతులోకి వచ్చింది.

"పదో నెంబరు. ఆ జెర్సీ నా దగ్గర్నించి ఎలా వెళ్తుందో అలాగే వస్తుంది. చెమట కూడా ఉండదు, సెంటు వాసన ఒకటి ఉంటుంది. పదిహేనూ ఉతుకుతున్నాం కదా, దాన్నొక్కదాన్నీ వదిలేస్తే బాగుండదని తడుపుతాను. మీ బావమరిది అని ఆయన వాణ్ణి మోస్తున్నాడు. మీరు చెయ్యి తీస్తే జట్టే ఉండదని, అందరి జీతాలూ పోతాయని మోస్తున్నాడు. నాతో కూడా ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషికి మీరు రాసే కాగితం ఇదా?"

ప్రెసిడెంటుగారు చాలాసేపు టేబులు మీది రంగు చీటీలు సర్దాడు. కోప్పడతాడనుకుంది, గెంటేస్తాడనుకుంది. ఆయన మొహం చూస్తే చిన్నబోయిన పిల్లాడిలా ఉంది.

"మా ఇంట్లో కూడా వాడి బట్టలు మాసిపోవమ్మా. శుభ్రత ఎక్కువ అనుకున్నాను," అన్నాడు. "అయిదేళ్లయింది మా ఇంట్లో ఉంటూ. తిన్న కంచం తియ్యడు. మా ఆవిడతో చెప్పే ధైర్యం నాకే లేదు. మీవారికి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి, చింపి, చెత్తబుట్టలో వేశాడు. ఇంకో ఏడాది మీవారే ఉంటారు, జట్టులో ఎవరు ఆడాలో ఆయన ఇష్టం, మా ఇంటి సంగతి నేను చూసుకుంటానని మాటిచ్చాడు. గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపాడు.

రోడ్డు మీదికి వచ్చాక గానీ తను చేసిన నిర్వాకం ఆమెకి తలకెక్కలేదు. ఊడబెరకడానికి వచ్చి మేకు కొట్టి వెళ్తోంది. తనకి నోరెందుకిచ్చాడా దేవుడని దారి పొడుగునా తిట్టుకుంది. సాయంత్రం దాకా కౌంటరులో ముద్రలన్నీ వంకరగా పడ్డాయి.

ఆమె ఇంటికి వచ్చేసరికి కోచ్‌గారు పెరట్లో ఉన్నాడు. ఆ వేళకి ఆయన ఇంట్లో ఉండటమే వింత. ఆరిన జెర్సీలు తీగ మీంచి తీసి, ఒళ్లో పెట్టుకుని, పీట మీద కూర్చున్నాడు.

"ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లాను. మానేస్తానని చెబుదామని," అన్నాడు.

ఆమె పెరటి గడప దగ్గరే ఆగిపోయింది.

"నిన్న కాఫీ ఇస్తుంటే నీ చేతులు చూశాను."

రెండేళ్లకి కనబడ్డాయన్నమాట. ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, కళ్లు తుడుచుకోవాలో తెలియక ఆమె గడప మీద కూలబడింది. తను అటు వెళ్లకుండా, నోరు మూసుకుని కౌంటరులో కూర్చుని ఉంటే, ఈపాటికి ఆయన డ్రిల్ మాస్టారు.

ప్రెసిడెంటుగారు మానొద్దన్నాడనీ, ఇంకో ఏడాది ఉండమన్నాడనీ, మీ ఇంట్లోనే ఆట తెలిసినవాళ్లున్నారు కదా, మూడో నెంబరు మరక సంగతి ఆమెనే అడుగు అన్నాడనీ ఆయన చెప్పుకొచ్చాడు. ఇంట్లో అడిగి రేపు చెబుతానని వచ్చేశాడట. ఆ మాటలన్నీ జెర్సీల వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత మూడో నెంబరుది తీసి, మోకాళ్ల మీద పరిచాడు.

"ఈ మరక సంగతి నాకు వివరంగా చెప్పు."

ఆమె వచ్చి పక్కన కూర్చుని చెప్పింది. ఎడమ తుంటి ఒక్కటే ఎందుకు మాసిందో, వీపు మీద బురద ఎప్పుడు పడుతుందో, కుడివైపు ఆడే రెండో నెంబరు జెర్సీకి ఆ మరక ఎందుకు లేదో పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. వింటుంటే ఆయన మొహం పాలిపోయింది.

"మూడేళ్లుగా నేను వాడిదే తప్పనుకున్నాను," అన్నాడు. "ఎప్పుడు చూసినా నేల మీదే ఉంటాడని, కాళ్లలో బలం లేదని, అందరూ వెళ్లాక వాణ్ణి మైదానం చుట్టూ పది రౌండ్లు అదనంగా పరిగెత్తించాను. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు వాడు."

ఆ జెర్సీని రెండు చేతులతో పట్టుకుని ఆయన అలా ఉండిపోయాడు. ఆయన మీద ఎన్నేళ్లుగానో పెట్టుకున్న కోపమంతా ఆమెకి కరిగిపోయింది. ఇన్ని మ్యాచ్‌లు ఓడి ఇంటికొచ్చినప్పుడు కూడా ఆయన ఇలా లేడు. ఈ మనిషిని ఈ బరువుతో స్కూలుకి పంపిస్తే అక్కడ పిల్లల చేత కసరత్తు చేయిస్తూ కూడా ఆ మూడో నెంబరు కుర్రాణ్ణే తలుచుకుంటాడని ఆమెకి తెలుసు.

"నువ్వే చెప్పు. ఉండనా, మానెయ్యనా?" అని ఆయన అడిగాడు.

మానెయ్ అన్న మాట ఆమె నాలుక చివర్నే ఉంది. మూడేళ్లుగా అక్కడే ఉంది. అంటే ఆయన మారు మాట్లాడకుండా మానేస్తాడు, అదీ తెలుసు.

ఆమె లేచి, చేతులు చీరకి తుడుచుకుని, లోపలికి వెళ్లి ఫోను తీసింది. అవతల హెడ్‌మాస్టరు గొంతు వినపడింది. ఆయన ఈ ఫోను కోసమే చూస్తున్నాడట, ఆర్డరు కాగితం కూడా సిద్ధం చేశాడట.

"ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అన్నయ్యగారూ," అంది.

"అదేమిటి చెల్లెమ్మా? ఇంకా తీసెయ్యలేదా వాణ్ణి?"

"తీసేద్దామనే అనుకున్నారు. ఒకరు తీయనివ్వలేదు."

"ఎవరు తీయనివ్వనిది?" అని ఆయన విసుక్కున్నాడు. "పన్నెండు మ్యాచ్‌లు ఓడినవాణ్ణి ఇంకా పట్టుకు వేళ్లాడే బుద్ధిమంతుడెవరు?"

"నేనేనండీ," అంది ఆమె.